చేటకు అవతలి వైపు

గురువారం సాయంత్రం ఆరు దాటాక మా మేడమ్ గారి చెల్లెలు ఫోన్ చేశారు.

"ఏమండీ, మా అక్క ఏలూరు స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందటండీ. ఎవరో ఆస్పత్రికి చేర్చారట. అయిపోయిందంటున్నారు. నేను గుండుగొలను నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. మీరు దగ్గర్లోనే ఉన్నారు కదా, ఒక్కసారి వెళ్ళి చూడరా? వాళ్ళు పొరపాటు పడ్డారేమో."

నేను వెళ్ళాను. వాళ్ళేమీ పొరపాటు పడలేదు. పక్క పాపిడి, పెద్ద కుంకుమ బొట్టు, చేతికి ఆ నల్ల పట్టీ గడియారం. ఏడుపు రాలేదండీ నాకు. గడియారం వంక చూస్తూ, "అయ్యో, పాసింజరు వెళ్ళిపోయి ఉంటుందే" అనుకున్నాను. పదిహేనేళ్ళలో ఆవిడకి ఇంటికెళ్ళే ఆ రైలు ఒక్కరోజు కూడా తప్పిపోలేదు.

మేడమ్ గారంటే నాకు బంధువు కాదు. వాళ్ళు తాడేపల్లిగూడెంలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. మేము ప్రభువును నమ్ముకున్నవాళ్ళం. ఆవిడ ఏలూరులో కాలువ గట్టు దగ్గర ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని, కాపురాలు చెడినవాళ్ళకి, తండ్రీకొడుకులు మాట్లాడుకోని ఇళ్ళవాళ్ళకి, అత్తాకోడళ్ళకి కౌన్సెలింగ్ చేసేవారు. నేను ఆ గది ఊడ్చి, మంచినీళ్ళు పెట్టి, వచ్చినవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసేదాన్ని. పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఆవిడ చదువు గురించి చెప్పడం నాకు చేతకాదు. నేను చూసినదే చెబుతాను.

ఆ గదిలో సోఫాలు ఉండేవి కావు. నేల మీద రెండు పీటలు, మధ్యలో ఒక వెదురు చేట, చేటలో బియ్యం. గొడవపడి వచ్చిన ఇద్దరినీ చెరో పీట మీద కూర్చోబెట్టి, "మాట్లాడక్కర్లేదండీ. కాసిని రాళ్ళు ఏరి పెట్టండి చాలు" అనేవారు. తను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తుండేవారు. వాళ్ళ నాన్నగారి కొట్టు వెనక వసారాలో ఆడవాళ్ళు బియ్యం ఏరడానికి కూర్చునేవారట. తల వంచుకుని చేతులు ఆడిస్తుంటే, ఎదురుగా మొహం చూసి చెప్పలేని సంగతులన్నీ వాటంతటవే బయటికొచ్చేవట. చిన్నప్పుడు బస్తాల మీద కూర్చుని అవన్నీ విన్నాననీ, పెద్దయ్యాక చదివిన చదువంతా దాని తరవాతేననీ ఆవిడ అనేవారు.

ఇప్పటి బియ్యంలో రాళ్ళెక్కడివి? మిల్లులోనే శుభ్రమైపోయి వస్తున్నాయి. అందుకని ఆవిడ తాడేపల్లిగూడెంలో ఇంటి నుంచి రోజూ రైల్లో గుడ్డసంచిలో బియ్యం తెచ్చేవారు, అందులో రాళ్ళు కలిపి ఉండేవి. నల్లవి, తెల్లవి, మట్టిబెడ్డలు కొన్ని, ఒక చిన్న ఎర్ర ఇటుక ముక్క. సాయంత్రానికి ఏరిన రాళ్ళు ఒక చిన్న స్టీలు డబ్బాలో, బియ్యం సంచిలో, రెండూ ఆవిడతో తిరిగి వెళ్ళేవి. పొద్దున మళ్ళీ కలిసి వచ్చేవి. ఇంట్లో తీరిగ్గా ఆవిడే కలుపుతారని నేను అనుకున్నాను. నెలకోసారి బియ్యం మార్చేవారు, రాళ్ళు మాత్రం ఎప్పుడూ అవే.

మొదట నేనూ, మా వారూ కూడా ఆ పీటల మీద కూర్చున్నవాళ్ళమే. అప్పట్లో మా అత్తగారి గురించి నేను అనకూడని మాట ఒకటి అన్నాను. ఆయన మండవల్లి వెళ్ళిపోయి, చేపల చెరువుల దగ్గర కాపలాకి కుదిరి, ఎనిమిది నెలలు ఇంటికి రాలేదు. మా పాస్టరమ్మ గారే నన్ను మేడమ్ గారి దగ్గరికి పంపారు. ఆయన్ని ఎలా రప్పించారో తెలియదు గానీ, ఒక మధ్యాహ్నం వచ్చి ఎదురు పీట మీద కూర్చున్నారు. అరగంట సేపు ఇద్దరం నోరు విప్పకుండా రాళ్ళు ఏరాం. ఆఖరికి ఆయనే, తల ఎత్తకుండా, "నీ వైపు ఒకటుంది చూడు. ఎర్రది" అన్నారు.

ఎనిమిది నెలల తరవాత మా వారి నోట నేను విన్న మొదటి మాట అదండీ. దేవుడికి ఇప్పటికీ ఆ మాటకి కృతజ్ఞత చెప్పుకుంటాను.

వెంటనే నేను క్షమాపణ మొదలుపెట్టాను. "నాదే తప్పండీ. కానీ మీ అమ్మగారు కూడా ఆ రోజు..."

కిటికీ దగ్గర నుంచి మేడమ్ గారు ఇటు తిరిగారు. "ఆగమ్మా. తప్పయిందని చెప్పి వెనకాలే 'కానీ' అన్నావంటే, ఆ చెప్పింది వెనక్కి తీసుకున్నట్టే. మళ్ళీ చెప్పు. చివర ఏమీ తగిలించకు."

మూడుసార్లు చెప్పించారు. మూడోసారికి గానీ 'కానీ' రాకుండా చెప్పలేకపోయాను. అంత కష్టమైన పని పదో తరగతి లెక్కల్లో కూడా చూడలేదు.

ఇంకో నియమం కూడా ఉండేది ఆవిడకి. చేట తిప్పకూడదు. ఎవరి వైపు వాళ్ళే ఏరాలి. అది అయ్యాక, "ఇప్పుడు లేచి చోట్లు మార్చుకోండి" అనేవారు. ఒక పీట గోడకి ఎదురుగా ఉండేది, ఒకటి గుమ్మానికి ఎదురుగా. అటు వెళ్ళి కూర్చుని ఏరితే, తను శుభ్రం చేశాననుకున్న వైపు అవతలివాళ్ళకి ఎన్ని రాళ్ళు కనిపిస్తాయో తెలిసేది. "చేట తిప్పితే సుళువే. కానీ లేచి వెళ్ళాలమ్మా, నడుము నొప్పెట్టినా సరే" అనేవారు. ఆ 'కానీ' ఒక్కటే ఆవిడ నోట నేను విన్నది. దొరికిపోయారని నేను నవ్వితే ఆవిడా నవ్వేశారు.

పనిలో చేరిన కొత్తలో ఒక తెలివితక్కువ పని చేశాను. కొల్లేటికోట నుంచి ఒక జంట వస్తున్నారు, పాపం పడవా బస్సూ మారి వస్తారు, అలిసిపోయి ఉంటారు, వాళ్ళ చేత రాళ్ళెందుకు ఏరించడం అని జాలిపడి, పొద్దున్నే కూర్చుని చేటంతా నేనే ఏరేశాను. రాళ్ళు చెత్తచేటలోకి ఎత్తేశాను. వాళ్ళు వచ్చి కూర్చున్నారు. వెతికారు, వెతికారు.

"ఇందులో రాళ్ళు లేవేమిటండీ?" అన్నాడాయన.

"మా ఇంట్లో అయితే రోజుకి గుప్పెడు తగులుతాయంటారండీ ఈయన నోటికి. ఇక్కడ కనపడటం లేదట" అంది ఆయన భార్య.

"అవి నీ చేతి మహిమ. ఇక్కడి బియ్యానిదేం తప్పు?"

"విన్నారాండీ? పట్నం వచ్చినా మారరు."

ఇద్దరూ ఒకేసారి పక్కుమన్నారు. మేడమ్ గారు కూడా నవ్వారు. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళాక మాత్రం ఆవిడ మొహం మారిపోయింది. "ఆ రాళ్ళేవమ్మా? ఎక్కడ పోశావు?" అని చెత్తచేట తనే లాక్కుని, నేల మీద గుమ్మరించి, చీర కుచ్చిళ్ళకి మట్టి అంటుకుంటున్నా చూసుకోకుండా ఒక్కొక్కటీ ఏరుకున్నారు. ఎర్ర ముక్క దొరికేదాకా లేవలేదు. ఆవిడ అంత గాభరా పడటం నేను చూసింది ఆ ఒక్కరోజే.

"పోతే వేరే రాళ్ళు వేసుకోవచ్చు కదండీ" అన్నాను.

"కుదరదమ్మా" అన్నారు. అంతే. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆవిడకి ఒక్కతే కూతురు. పాప అని పిలుస్తారు గానీ ముప్పై ఒక్క ఏళ్ళు. పుట్టినప్పుడే మెదడుకి ఏదో అయిందట. మాట రాదు. పాపకి నాలుగేళ్ళప్పుడు మేడమ్ గారి భర్త పోయారు, అయినా ఆవిడ బొట్టు తీయలేదు. పగలు చూసుకోవడానికి పక్కింటావిడ ఉండేది. సాయంత్రం అన్నం మాత్రం తల్లి చేతి మీదుగానే. అందుకే ఆ రైలు తప్పేది కాదు. ఎంత పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నా, ఎంత ఏడుస్తున్నా, నాలుగున్నరకి లేచిపోయేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి, "ఇంకో అరగంట కూర్చోలేరా?" అని విసుక్కుంటే, "మీకు రేపు కూడా నేను ఉంటానండీ. మా ఇంట్లో ఒకళ్ళకి రేపు అనే మాట తెలియదు" అన్నారు.

ఆదివారం ఎవరినీ రానిచ్చేవారు కాదు. అది పాపకి తలంటి జుట్టు ఆరబెట్టే రోజు. సోమవారం వచ్చినప్పుడు ఆవిడ చేతులకి కుంకుడుకాయ వాసన ఉండేది.

ఒక వానరోజు ఎవరూ రాలేదు. ఇద్దరమే కూర్చున్నాం. నేను నోరు జారి, "ఇంతమంది చేత మాట్లాడించారు, దేవుడు మీకు మాత్రం..." అని ఆగిపోయాను. ఆవిడ నొచ్చుకోలేదు. "మా ఇంట్లో మాటలు లేకపోయినా కబుర్లకి లోటేమీ లేదమ్మా. రోజూ సాయంత్రం బోలెడు చెప్పుకుంటాం" అన్నారు. తల్లి మాట, ఓదార్పుకి అనుకుంటుంది అనుకున్నాను.

ఆఖరి గురువారం ఆవిడకి మెట్లెక్కేటప్పుడే ఆయాసం వచ్చింది. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని క్యారేజీ పక్కన పెట్టేశారు. నాలుగున్నరకి లేచి సంచి భుజానికి తగిలించుకోబోతుంటే నేను లాగేసుకున్నాను. "రెండు కిలోల బరువు ఎందుకండీ ఈ పూట? రేపు ఎలాగూ ఇక్కడికే కదా తెచ్చేది. ఇక్కడే ఉండనీయండి."

"వద్దమ్మా. ఇంటి దగ్గర దానికోసం చూసేవాళ్ళున్నారు."

"బియ్యం కోసం ఎవరు చూస్తారండీ?" అని నేను నవ్వాను. సంచి తీసుకెళ్ళి అలమరలో పెట్టి తలుపు వేసేశాను. ఆవిడ ఆ తలుపు వంక కాసేపు చూశారు. వాదించే ఓపిక లేనట్టుంది. "సరేలే. ఈ ఒక్కరోజుకి ఎలాగో చెప్పుకుంటాను" అని మెట్లు దిగారు. గోడ పట్టుకుని దిగారు. నేను వెంట వెళ్ళలేదు. గదికి తాళం వెయ్యాలి కదా అని ఆగిపోయాను.

మర్నాడు గూడెంలో దహనం అయింది. పాపని లోపలి గదిలో కూర్చోబెట్టారు. నేను దూరం నుంచే చూసి వచ్చేశాను.

ఇక ఇప్పుడు చెప్పేది నా తప్పు. శనివారం గది శుభ్రం చేద్దామని వెళ్ళి అలమర తెరిస్తే సంచీ, అందులోనే రాళ్ళ డబ్బా కనిపించాయి. ఆవిడ చెయ్యి తగిలిన బియ్యం. పురుగు పట్టనివ్వకూడదు, ఎవరి ఆకలికైనా చేరాలి అనుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బియ్యం వండి, పప్పు చేసి, మా సంఘంలో దిక్కులేని ముసలమ్మలకి ఆవిడ పేరు మీద పెట్టాను. వడ్డిస్తూ ప్రార్థన కూడా చేశాను. డబ్బాలో రాళ్ళు మిగిలాయి. ఇంక వాటితో ఎవరికి పని? చెత్తలో వెయ్యడానికి మనసొప్పక మా వాకిట్లో మల్లెమొక్క కుండీలో పోసి, పైన మట్టి కప్పి నీళ్ళు పోశాను. మంచి పని చేశాననుకున్నాను. కాస్త మనశ్శాంతి కూడా కలిగింది. దేవుడు నన్ను క్షమించాలి.

బుధవారం పలకరింపుకని గూడెం వెళ్ళాను. చెల్లెలు గారు గుమ్మంలోనే నా చేతులు పట్టుకున్నారు.

"పాప ముద్ద ముట్టడం లేదండీ. గురువారం నుంచి ఇదే వరస. కొబ్బరినీళ్ళు చెంచాతో పోస్తే సగం ఉమ్మేస్తోంది. నిన్న డాక్టరు వచ్చి సెలైన్ పెట్టారు, పీకేసుకుంది. రేపటికి కూడా తినకపోతే ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు. ఆ తరవాత ఇలాంటివాళ్ళని ఉంచుకునే హోమ్ ఏదో చూసుకోమన్నారు. నేనేం చెయ్యనండీ? అక్కడ కొట్టు కట్టేసి వచ్చాను, ఆయనకి షుగరు. మా అక్క ఉంటే ఏం చెయ్యాలో చెప్పేది. ఊరందరికీ చెప్పింది కదండీ, ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పకుండా పోయింది."

పాప వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. ఒళ్ళో ఖాళీ చేట. చూపు గేటు మీద.

"ఆ చేట వదలదండీ. లోపల దాచేస్తే వెతికి తెచ్చుకుంటుంది. రైలు కూత వినపడితే చాలు, లేచి నిలబడుతుంది. వాళ్ళమ్మ కోసమే అనుకోండి."

నేను వెళ్ళి పాప పక్కన కూర్చున్నాను. పాప నా మొహం చూడలేదు, నా సంచి చూసింది. లాక్కుని ఒళ్ళో ఉన్న చేటలో బోర్లించింది. నీళ్ళసీసా, గొడుగు, బైబిలు, పర్సు పడ్డాయి. చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది. సంచి తిరగేసి దులిపింది. మళ్ళీ తడిమింది. ఆ తరవాత సంచి నా వైపు తోసేసి మళ్ళీ గేటు వంక తిరిగింది.

"మీ అక్కగారు సాయంత్రం రాగానే ఏం చేసేవారండీ?" అని అడిగాను.

"ఏముందండీ, ఆ బియ్యం సంచీ దీనికి ఇచ్చేది. ఇది చేటలో పోసుకుని, డబ్బాలో రాళ్ళు ఒక్కొక్కటే అందులో వేసుకుని కలుపుతూ కూర్చునేది. గంటసేపు అదే పని. అక్క పక్కన కూర్చుని ఆ రోజు సంగతులేవో చెబుతుండేది. అది అయ్యాకే అన్నం. ఏదో పిచ్చి ఆటలెండి."

ఆట కాదండీ. అది పాప ఉద్యోగం. పదిహేనేళ్ళుగా మా గదికి రాళ్ళు కలిపి పంపింది పాప. నా కాపురం నిలబడింది కూడా ఆ చేతులు కలిపిన బియ్యం మీదే. తల్లి ఆ రాళ్ళని అపురూపంగా మోసుకెళ్ళి, మోసుకొచ్చింది. ఇంటి దగ్గర చూసేవాళ్ళున్నారని నాతో చెప్పింది కూడా. ఆ సంచి నేను లాక్కున్నాను. ఆ బియ్యం వండేశాను. ఆ రాళ్ళు పాతిపెట్టాను.

ఆ సాయంత్రం రైల్లో నాకు ప్రార్థన రాలేదు. భీమడోలు దాటాక, "ప్రభువా, ఆవిడ్ని ఎందుకు తీసుకెళ్ళావు? నన్ను తీసుకెళ్ళినా ఎవరి అన్నమూ ఆగేది కాదు కదా" అని అడిగాను.

తెల్లవారగానే మా వారు కుండీ ఎత్తి గోనెపట్టా మీద గుమ్మరించారు. మల్లెమొక్క పక్కకి ఒరిగింది. మొగ్గ మీద ఉంది పాపం. పట్టాకి అటు ఆయన, ఇటు నేను కూర్చున్నాం. మట్టి వేళ్ళతో నలుపుతూ, దొరికినదల్లా నీళ్ళగిన్నెలో వేశాం. మట్టిబెడ్డలు నీళ్ళకి కరిగిపోయినట్టున్నాయి, ఒక్కటీ లేదు. కుండీలో ముందే ఉన్న రాళ్ళేవో, మా రాళ్ళేవో తెలియలేదు. ఇన్నేళ్ళు చూసిన కళ్ళు కదా, గుర్తుపడతాననుకున్నాను. కొన్నిటిని గుర్తుపట్టాను. కొన్నిటి దగ్గర నమ్మకం చిక్కలేదు.

"ఎర్రది కనపడటం లేదే" అన్నారు మా వారు.

"చూడండి, మీ వైపే ఉంటుంది."

"రెండుసార్లు చూశాను."

నేను లేచి అటు వెళ్ళాను. ఆయన ఇటు వచ్చారు. మళ్ళీ మొదటి నుంచీ నలిపాం. ఎండ ఎక్కింది. వేళ్ళు విడదీసి చూశాం. ఎర్రది లేదు. నానిపోయి పొడి అయిపోయిందో, ఏ కోడి ముక్కున కరుచుకుపోయిందో. మా వారు మట్టి చేతులతోనే నా తల మీద చెయ్యి వేసి, "వెళ్ళు. ఉన్నవి తీసుకుని వెళ్ళు. ఆలస్యం చెయ్యకు" అన్నారు.

పాప సంచి కోసం చూసే వేళకి చేరాలని ఆవిడ వెళ్ళే పాసింజరుకే వెళ్ళాను. ఆవిడ సంచిలో మా ఇంటి బియ్యం పోసుకున్నాను, డబ్బాలో రాళ్ళు. సంచి భుజాన వేసుకునే నడిచాను, ఆవిడలాగే. గేటు తీస్తుంటే పాప నిలబడింది. నా మొహం చూసి ఆగిపోయింది. తరవాత సంచి చూసింది. వచ్చి లాక్కుంది.

మెట్టు మీద కూర్చుని బియ్యం చేటలో పోసింది. డబ్బా మూత తీసింది. ఒక్కొక్క రాయీ రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి పెట్టి చూసి, కొన్నిటిని బియ్యంలో వేసింది. కొన్నిటిని మెట్టు కిందకి విసిరేసింది. అవి మా కుండీవే అయి ఉంటాయి. డబ్బా ఖాళీ అయింది. పాప డబ్బా బోర్లించి అడుగు తట్టింది. తట్టి, నా ముందు అరచెయ్యి చాపింది.

ఎర్రది అడుగుతోంది.

చెల్లెలు గారు గబగబా పెరటి గోడ దగ్గర ఒక ఇటుక పెళ్ళ చితక్కొట్టి చిన్న ముక్క తెచ్చి ఆ చేతిలో పెట్టారు. పాప దాని వంక చూసి కింద పడేసింది. చెయ్యి మళ్ళీ నా ముందుకే వచ్చింది. ముద్ద ముట్టి ఏడు రోజులైందండీ.

"దేవుడా, ఇదిక తినదు" అని చెల్లెలు గారు గోడకి జారగిలబడ్డారు. లోపల ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి సర్దిన బ్యాగు కనిపిస్తోంది.

నేను పాపకి ఎదురుగా, చేటకు ఇవతల కూర్చున్నాను. నా నోటి నిండా మాటలు ఉన్నాయి. నాకు తెలియదమ్మా అని. మంచికే చేశానమ్మా అని. అమ్మ మీద గౌరవంతోనే వండిపెట్టానమ్మా అని. అన్నిటి ముందూ 'కానీ' ఉంది.

"పాపా, రాళ్ళు నేనే పారేశాను. ఎర్రది పోయింది, ఇంక దొరకదు. ఆ రోజు సంచి అమ్మ చేతిలోంచి లాక్కున్నది కూడా నేనే. తప్పు నాదమ్మా."

అక్కడితో ఆపేశాను. ఆపడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది.

పాపకి ఎంత అర్థమైందో నేను చెప్పలేను. నా మొహం మీద మొదటిసారి చూపు నిలిపింది. చాపిన చెయ్యి మెల్లగా దించి బియ్యంలో పెట్టింది. రెండు చేతులూ అడుగుదాకా దించి, పైకి తెచ్చి, కళ్ళు మూసుకుని కలపడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని ఏం చెప్పాలో తెలియక, మల్లెమొక్క ఒరిగిపోయిన సంగతి, మా వారు మట్టి నలిపిన సంగతి, రైల్లో జనం సంగతి చెప్పాను. చీకటి పడుతుండగా పాప చేతులు ఆగాయి. నోరు తెరిచింది.

చెల్లెలు గారు పెరుగన్నం పట్టుకొచ్చారు. నాలుగు ముద్దలు తింది. అయిదోది పెదవుల దగ్గర పెట్టుకుని గేటు వంక చూసి, మింగింది.

తరవాత పాప బియ్యం సంచిలోకి ఎత్తి, మూతి ముడివేసి, తీసుకెళ్ళి గుమ్మం పక్కన పెట్టింది. పొద్దున్నే అమ్మ చేతికి అందే చోట.

"రేపటి నుంచి ఎవరు తెస్తారండీ?" అన్నారు చెల్లెలు గారు. ఆవిడ అడిగింది నన్ను కాదు, తనను తనే. నేనే జవాబు చెప్పాను.

సీజన్ టికెట్ తీసుకున్నాను. రోజూ సాయంత్రం సంచి తీసుకెళ్ళి, పాప కలిపి గుమ్మం పక్కన పెట్టాక రాత్రి బండికి తిరిగి తెస్తాను. పాప ఇప్పుడు ఒక్క పూటే తింటోంది. హోమ్ సంగతి ప్రస్తుతానికి ఆగింది, పోలేదు. నేను ఒక్కరోజు జ్వరంతో పడుకుంటే ఏమవుతుందో నాకు తెలియదు. తిన్నాక కూడా పాప గేటు దగ్గర నిలబడుతూనే ఉంది. బియ్యం వచ్చింది, అమ్మ రాలేదు. ఆ తేడా పాపకి తెలియకుండా ఎలా ఉంటుంది?

గదిని ఇంటివారు ఇంకా ఖాళీ చెయ్యమనలేదు. సంగతి తెలియనివాళ్ళు వస్తూనే ఉన్నారు. మొన్న ఒక జంట మెట్లెక్కి వచ్చి, విని, గుమ్మంలోనే నిలబడిపోయారు. "మరి మేమెవరి దగ్గరికి వెళ్ళాలండీ?" అన్నాడు ఆ అబ్బాయి. భార్య అటు తిరిగి నిలబడి ఉంది. నాకు ఆ విద్య రాదు బాబూ అని చెప్పాను. వాళ్ళు ముందూ వెనకగా దిగి వెళ్ళిపోయారు. మంచినీళ్ళయినా ఇవ్వలేదని తరవాత గుర్తొచ్చింది.

సాయంత్రానికి రాళ్ళు ఏరి ఉండాలి, లేకపోతే పాపకి కలపడానికి ఉండవు. అందుకని మధ్యాహ్నం మూడింటికి తలుపు తీసిపెట్టి, చేట మధ్యలో పెట్టుకుని, గోడకి ఎదురుగా ఉన్న పీట మీద కూర్చుంటాను. నా వైపు ఏరతాను. ఎర్రది ఉండదని తెలుసు, అయినా కళ్ళు దానికోసమే వెతుకుతాయి. నా వైపు అయిపోయాక చేట తిప్పను. నడుము పట్టుకుని లేచి, చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి పీట మీద కూర్చుంటాను.

అటు నుంచి చూస్తే నేను ఏరిన వైపు ఇంకా నాలుగైదు కనిపిస్తాయి. తల ఎత్తితే, తెరిచిన గుమ్మం అవతల, ఆవిడ చెప్పులు విడిచే చోటు.